చమురు పట్టిన పెరటి మట్టిని బ్యాక్టీరియాతో బాగు చేసుకోవడం ఎలా?

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచెత్తి, బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల వైపు ఉన్న చుట్టాలు ఎలా ఉన్నారోనని ఫోన్లు చేసుకుంటూ టెన్షన్ పడుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడ ఉత్తర చెన్నైలో వరద నీళ్లతో పాటు చమురు ఇళ్లలోకి వచ్చింది. ఎర్నావూరులో మా మేనత్త ఇంటి గోడకు మోకాలు దాటిన ఎత్తున నల్లటి చార పడింది. నీళ్లు తీశాక గోడలు కడిగాం, పాడైన సామాన్లు తీసేశాం. పెరట్లో మట్టి మాత్రం జిడ్డు ఓడుతూ, దగ్గరికి వెళితే తల తిరిగే వాసనతో అలాగే ఉండిపోయింది.

"పై మట్టి తీయించేసి కొత్త మట్టి తోలించుకుందాంరా" అంది అత్త. లారీ అతన్ని పిలిచాం. తీసిన మట్టి ఎక్కడ పోస్తావని అడిగితే చెరువు గట్టు వైపు చెయ్యి చూపించాడు. అది విన్నాక అత్తే లారీని వెనక్కి పంపేసింది.

ఆ మట్టిని పెరట్లోనే ఉంచి, అందులోని బ్యాక్టీరియాతోనే బాగు చేశాం. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒకటి రెండు ఘనపు మీటర్ల మట్టికి సరిపోతుంది. అంటే ఇంటి పెరడు, చిన్న షెడ్డు ముందు నేల లాంటివి. అంతకు మించిన స్థలమైతే కాలుష్య నియంత్రణ మండలి ద్వారా అనుభవమున్న వాళ్లతో చేయించాల్సిన పని. చిన్న స్థలమే అయినా ముందు మీ ప్రాంతపు మండలి కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. చమురు వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. రేపు ఎవరైనా అడిగితే మీ చేతిలో కాగితం ఉండాలి.

ముందుగా తెలుసుకోవాల్సింది

ముడి చమురు అంటే భూమి లోపల కోట్ల ఏళ్లు మగ్గిన జీవపదార్థమే. అందుకే దాన్ని తినగలిగే జీవులు ప్రకృతిలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మంచి మట్టి ఒక గ్రాములో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటాయి. సూడోమోనాస్, రోడోకాకస్, ఎసినిటోబాక్టర్, కొన్ని రకాల బాసిల్లస్ లాంటివి చమురును ఆహారంగా వాడుకోగలవు. మామూలు నేలలో వాటి వాటా వందలో ఒక వంతు కూడా ఉండదు. చమురు పడిన కొద్ది వారాల్లో మిగతావి తగ్గి ఇవి పెరుగుతాయి.

అవి చేసే పని మనకు కొత్తదేమీ కాదు. చమురులోని పొడవాటి కార్బన్ గొలుసుకు ఒక చివర ఆక్సిజన్ తగిలించి, దాన్ని ముందు ఆల్కహాలుగా, తర్వాత కొవ్వు ఆమ్లంగా మారుస్తాయి. అక్కడి నుంచి మనం తిన్న నెయ్యి మన ఒంట్లో ఎలా కరుగుతుందో అదే దారి. రెండేసి కార్బన్లు తెగుతూ పోయి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్లు మిగులుతాయి. కొంత భాగం బ్యాక్టీరియా ఒళ్లుగా మారుతుంది.

తిండి ఎదురుగా ఉన్నా అవి ఎందుకు తినలేకపోతాయంటే, చమురులో కార్బన్ పుష్కలంగా ఉంటుంది గానీ నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. పైగా జిడ్డు మట్టి రంధ్రాలను మూసేసి గాలి ఆడనివ్వదు. నీళ్లను కూడా ఇంకనివ్వదు. ఈ మూడు లోట్లు తీర్చడమే మన పని. బ్యాక్టీరియాను కొని తెచ్చి పోయడం కాదు.

ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడి చమురు ఒలికినప్పుడు, అక్కడి తీరం మీద చల్లింది ప్రధానంగా ఎరువులే. ఎరువు అందగానే అక్కడి రాళ్ల మధ్య ఉన్న బ్యాక్టీరియానే పని అందుకుంది. మరోపక్క, బెంగాల్లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆనంద మోహన్ చక్రవర్తి 1970ల మొదట్లో చమురులోని పలు భాగాలను తినగలిగే సూడోమోనాస్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. దాని పేటెంటు మీద 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చరిత్రలో నిలిచింది. ఆ బ్యాక్టీరియాను మాత్రం ఎక్కడా చమురు తెట్టె మీదికి వదల్లేదు. శాస్త్రం పరంగా ఎంతో గొప్ప పని అది. అయినా బయటి నేలలో ఎండకు, ఉప్పుకు, స్థానిక పోటీకి తట్టుకోవడం వేరే సంగతి. మా ఎర్నావూరు దగ్గరి ఎన్నూరు పక్క ఉప్పు నేలకు అలవాటు పడిన బ్యాక్టీరియా ఆ నేలలోనే ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ నెలల్లో మట్టి తవ్వి కుప్ప పెడితే చమురు కాలువలోకి కొట్టుకుపోతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టండి. 25 నుంచి 40 డిగ్రీల వేడి ఈ బ్యాక్టీరియాకు బాగా నచ్చుతుంది. చలి దేశాల వాళ్లు ఈ వేడి కోసం కుప్పల కింద గొట్టాలు పరిచి వెచ్చబెడతారు. మనకు ఆ ఖర్చు లేదు. మే నెల ఎండలో, ఇక్కడి వాళ్లు కత్తిరి అనే ఆ రోజుల్లో, పై పొర కాలిపోకుండా నీడ ఉంటే చాలు.

మొదటి పని: ఒంటి జాగ్రత్త

తాజా చమురు నుంచి బెంజీన్ లాంటి ఆవిర్లు వస్తాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ముక్కు మండే వాసన ఉంటే ఆ రోజు పని పెట్టుకోకండి. గాలి బాగా వీచే ఉదయం పూట, గాలికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి చేయండి. నైట్రైల్ గ్లవ్స్, మోకాళ్ల దాకా బూట్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చేతికి, కాలికి పుండ్లుంటే కట్టు కట్టుకోండి. చమురు తినే సూడోమోనాస్ జాతుల్లో ఒకటి పుండ్లను చీము పట్టించగలదు. పిల్లలను, గర్భిణులను, కుక్కలను, కోళ్లను దూరంగా ఉంచండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

జిడ్డు పోవాలని కిరసనాయిలు పోయడం, సబ్బు నీళ్లతో కడిగి కాలువలోకి వదలడం, ఎండబెట్టి తగలబెట్టడం. ఈ మూడూ మా వీధిలోనే చూశాను. మూడూ విషాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపేవే. దయచేసి చేయకండి.

రెండో పని: తేలే చమురును ఎత్తేయడం

మట్టిని పిడికిలి పట్టి నొక్కండి. వేళ్ల సందుల్లోంచి చమురు కారితే అది బ్యాక్టీరియా దశకు ఇంకా రాలేదని అర్థం. గుంటల్లో నిలిచిన చమురును అవి తాగలేవు. పలచటి పొరలా మట్టి రేణువుకు అంటుకున్నదాన్నే తినగలవు.

2017 జనవరి 28న ఎన్నూరు కామరాజర్ రేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు చాలా మందికి గుర్తుండే ఉంటుంది, తీరం వెంట కుర్రవాళ్లు బకెట్లతో చమురు ముద్దను తోడారు. అలా ఎత్తిన ముద్దను రేవు ఆవరణలో గొయ్యి తీసి, మట్టి కలిపి, అప్పుడు బ్యాక్టీరియాకు అప్పగించారు. ఎత్తడం ముందు, తినిపించడం తర్వాత.

మీ పెరట్లో అయితే కొబ్బరి పొట్టు చల్లి ఒక రాత్రి ఉంచండి. అది జిడ్డును పీల్చుకుంటుంది. తెల్లారి పారతో ఎత్తి మూత ఉన్న డ్రమ్ములో వేసి, పైన తేదీ రాసి పెట్టండి. దాన్ని అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకే ఇవ్వాలి. చెత్త బండికి ఇవ్వకూడదు.

ఒక ముఖ్యమైన మాట. మీ చమురు పడింది వాగు ఒడ్డు బురదలోనో, మడ చెట్ల మధ్యనో అయితే అందులోకి దిగకండి. మనం వేసే ప్రతి అడుగూ పైనున్న చమురును లోపలికి తొక్కుతుంది. అక్కడ గాలి అందదు కాబట్టి అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఆ పని అటవీ శాఖ, మండలి వాళ్లది.

మూడో పని: శాంపిల్

చాలా మంది ఇది మర్చిపోయి, ఆరు నెలల తర్వాత ఎంత తగ్గిందో చెప్పలేక బాధపడతారు. ఐదు చోట్ల నుంచి ఒక్కో దోసెడు మట్టి తీసి, కలిపి, గాజు సీసాలో అంచు దాకా నింపండి. ప్లాస్టిక్ సీసా చమురును పీల్చుకుంటుంది, వద్దు. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి. నగరంలో ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులు ఉన్నాయి. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు (అంటే మట్టిలో చమురు ఎంతుందో), సీసం లాంటి భార లోహాలు, ఉప్పు శాతం, పి.హెచ్. (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) అడగండి.

హైడ్రోకార్బన్లు కిలోకు 50,000 మిల్లీగ్రాములు, అంటే 5 శాతం దాటితే ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. లోహాలు ఎక్కువుంటే కూడా ఆగండి. బ్యాక్టీరియా చమురును తింటుంది గానీ సీసాన్ని తినలేదు. పైగా లోహాలు దాన్నే చంపుతాయి. పాత మెకానిక్ షెడ్ల మట్టిలో ఈ ఇబ్బంది ఉండొచ్చు.

నాలుగో పని: జాడీ పరీక్ష

ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. బ్యాక్టీరియా మీ మట్టిలో ఉందో లేదో మీ కళ్లతో చూడొచ్చు. మా అత్త కూడా ఇది చూశాకే నమ్మింది.

వెడల్పు మూతి గాజు జాడీలు మూడు తీసుకోండి. మళ్లీ వంటింట్లో వాడనివి. మొదటి రెండింట్లో 200 గ్రాముల చొప్పున చమురు మట్టి వేయండి. లీటరు నీళ్లలో ఒక చెంచా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) కరిగించి, అందులో 20 మిల్లీలీటర్లు మొదటి జాడీలో కలపండి. రెండో దాంట్లో 20 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు. మూడో జాడీలో మట్టే వద్దు.

తినే సున్నాన్ని నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచితే పైన తేట తేరుతుంది. ఆ సున్నపు తేట 50 మిల్లీలీటర్లు చిన్న గిన్నెలో పోసి, మూడు జాడీల్లోనూ మట్టికి తగలకుండా నిలబెట్టి మూతలు బిగించండి. నీడలో ఉంచి రోజూ చూడండి. బ్యాక్టీరియా ఊపిరి వదిలితే వచ్చే కార్బన్ డయాక్సైడుకు సున్నపు తేట మీద తెల్లటి పొర కడుతుంది. మట్టి లేని జాడీలో కొద్దిగా మాత్రమే మారుతుంది. డీఏపీ వేసిన జాడీ మామూలు నీళ్ల జాడీ కంటే ముందే తెల్లబడితే, మీ మట్టిలో బ్యాక్టీరియా ఉంది, దానికి ఎరువు కొరత కూడా ఉంది అని అర్థం. రెండు మూడు రోజులు చాలు.

ఇందులో యూరియా వాడకండి. యూరియా విరిగేటప్పుడు కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాంతో ఏది బ్యాక్టీరియా ఊపిరో తెలియదు. కుప్పలో మాత్రం యూరియా వాడొచ్చు.

రెండు జాడీలూ వారం దాకా కదలకపోతే మట్టి మరీ విషపూరితమై ఉండొచ్చు, లేదా మరీ ఉప్పగా ఉండొచ్చు. ల్యాబు రిపోర్టు తిరిగి చూడండి.

ఐదో పని: మడి కట్టడం

బావికి, బోరుకు, సంపుకు దూరంగా, మిట్టగా ఉన్న చోటు ఎంచుకోండి. ఒక ఘనపు మీటరు మట్టికి రెండు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు మడి సరిపోతుంది. నేల చదును చేసి, రాళ్లు ఏరి, మందపాటి టార్పాలిన్ రెండు పొరలు పరచండి. చుట్టూ ఇటుకలతో 45 సెంటీమీటర్ల గట్టు పెట్టి, టార్పాలిన్ అంచులు దాని మీదుగా బయటికి మడవండి. ఒక మూలకు కొద్దిగా వాలు ఉంచి, అక్కడ చిన్న బకెట్టు పట్టేంత పల్లం వదలండి. మడి నుంచి ఓడే నీళ్లు అక్కడికి చేరతాయి. వాటిని మళ్లీ మడి మీదే చల్లాలి, బయటికి వదలకూడదు.

చమురు మట్టిని తవ్వి ఈ మడిలో పోయండి. మట్టి మందం 30, 35 సెంటీమీటర్లు దాటనివ్వకండి. మందంగా పోస్తే స్థలం కలిసొస్తుంది గానీ అడుగున గాలి అందదు.

మడి పైన నాలుగు గుంజలు పాతి రేకో, పరదానో కప్పండి. పక్కలు తెరిచే ఉండాలి. మేము చేసిన పొరపాటు ఇక్కడే. జనవరి చివర్లో ఒక చెదురు వాన పడుతుందని భయపడి, టార్పాలిన్‌ను మట్టి మీదే పరిచి చుట్టూ రాళ్లు పెట్టేశాం. పది రోజుల తర్వాత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన, మట్టి నల్లగా ముద్ద కట్టి ఉంది. గాలి లేక మంచి బ్యాక్టీరియా నిద్రపోయి, గాలి అక్కర్లేనివి పైకొచ్చాయి. మూడు రోజులు వరుసగా తిరగేస్తే గానీ దారికి రాలేదు. మీకు ఆ వాసన వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి మట్టి తిరగేయండి. ఊపిరాడక చచ్చేది మన పనివాళ్లయిన బ్యాక్టీరియానే.

ఆరో పని: కలపాల్సినవి

మట్టి గుల్లగా ఉండటానికి ఐదో వంతు ఊక గానీ, కొబ్బరి పొట్టు గానీ కలపండి. ఊక కావాలంటే రెడ్‌హిల్స్ వైపు రైసు మిల్లుల్లో అడిగితే దొరుకుతుంది. సముద్రం పక్క ఇసుక నేలైతే గాలి బాగానే ఆడుతుంది, నీళ్లే నిలవవు, కాబట్టి కొబ్బరి పొట్టు మేలు. మణలి లోపలి వైపు బంకమట్టి అయితే ఊక మేలు.

బాగా మాగిన పశువుల ఎరువు ఇరవయ్యో వంతు వేయండి. పచ్చి పేడ వద్దు. అది కుళ్లడానికే మడిలోని ఆక్సిజన్ అంతా తీసుకుంటుంది. చమురు పడిన చోటే అంచుల్లో గడ్డి మొలిచి ఉంటే, ఆ గడ్డి వేళ్ల చుట్టూ ఉన్న మట్టి రెండు తట్టలు తెచ్చి కలపండి. అక్కడి బ్యాక్టీరియా అప్పటికే ఈ చమురుకు అలవాటు పడి ఉంటుంది. డబ్బు పెట్టి కొనే పొడికంటే అది విలువైనది.

పొడి అంటే గుర్తొచ్చింది. వరద తర్వాత మా వీధికి ఒకాయన వచ్చి, ఒక ప్యాకెట్టును బెల్లం నీళ్లలో నానబెట్టి చల్లితే పది రోజుల్లో చమురు మాయమవుతుందని అమ్మాడు. బెల్లం ఎదురుగా ఉంటే చాలా రకాల బ్యాక్టీరియా ముందు బెల్లమే తింటుంది, చమురు జోలికి ఎందుకు వెళుతుంది? ఆ పొడి కొన్నవాళ్లంతా రోజు కూలి మీద బతికేవాళ్లు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చమురు తినే బ్యాక్టీరియా మిశ్రమాలను మన దేశంలో శాస్త్రీయంగా తయారు చేసి, రిఫైనరీల బురద మీద వాడిన మాట నిజం. ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ అలాంటిదే. దాన్ని కూడా మట్టి పరీక్షలు చేసి, ఎరువు, తేమ, దుక్కి లెక్క కట్టే వాడతారు. చల్లి వెళ్లిపోయే మందు ఏదీ లేదు.

ఏడో పని: ఎరువు లెక్క

ఇక్కడ తొందర పడకండి, ఒక్కసారి కాగితం మీద వేసుకోండి. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు 1,500 కిలోలు. ల్యాబు రిపోర్టులో కిలోకు 20,000 మిల్లీగ్రాములు ఉంటే అది 2 శాతం, అంటే మడిలో 30 కిలోల చమురు ఉంది. చమురులో 85 శాతం దాకా కార్బనే, అది 25 కిలోలు. ప్రతి 100 పాళ్ల కార్బనుకు 5 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం అనుకుంటే 1.25 కిలోల నత్రజని, పావు కిలో భాస్వరం కావాలి.

డీఏపీ 1.25 కిలోలు వేస్తే భాస్వరం సరిపోతుంది, నత్రజని పావు కిలోకు కాస్త తక్కువగా వస్తుంది. మిగతా నత్రజనికి 2.2 కిలోల యూరియా. చమురు శాతం సగమైతే ఎరువూ సగమే.

ఇదంతా ఒక్కసారి వేయకండి. ఎరువు కూడా ఉప్పే. ఎక్కువైతే బ్యాక్టీరియా ఒంట్లోని నీటిని లాగేస్తుంది, అమ్మోనియా ఘాటు పెరుగుతుంది. నాలుగు వాయిదాలు చేసి, మూడు వారాలకు ఒకసారి నీళ్లలో కరిగించి చల్లండి. నేను మొదటి వాయిదా తూకం వేస్తుంటే అత్త పక్కన నిలబడి "మట్టికి కూడా పథ్యం పెడుతున్నావా" అంది. నిజానికి అంతే, ఇది పథ్యమే. ఎక్కువైనా, తక్కువైనా జబ్బు తగ్గదు.

పి.హెచ్. 6 నుంచి 8 మధ్య ఉండాలి. తీరపు మట్టిలో గవ్వల పొడి వల్ల సాధారణంగా బాగానే ఉంటుంది. 6 కంటే తగ్గితే వ్యవసాయ సున్నం కొద్దిగా కలపండి.

ఎనిమిదో పని: పదును

సేద్యం తెలిసిన ఇంటి వాళ్లకు ఈ మాట చాలు. తెలియని వాళ్లు మట్టిని గ్లవ్స్‌తో పిడికిలి పట్టండి. ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, బొటనవేలితో తాకితే విచ్చుకోవాలి. అదే పదును.

జిడ్డు మట్టి మీద మొదట్లో నీళ్లు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. బకెట్టుతో గుమ్మరిస్తే పక్కలకు పోతాయి తప్ప లోపలికి దిగవు. మొక్కలకు నీళ్లు చల్లే చిల్లుల మూతి డబ్బాతో కొద్దికొద్దిగా చల్లుతూ, కలుపుతూ పొండి. ఎన్నూరు చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాడకండి. మెట్రో వాటర్ అయితే బకెట్లలో ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. వేసవిలో రోజు విడిచి రోజు చూడాలి. పై రెండు అంగుళాలు ఆరిపోయి కనిపించినా లోపల తడి ఉండొచ్చు, కాబట్టి వేలు లోపలికి పెట్టి చూశాకే నీళ్లు పోయండి.

తొమ్మిదో పని: తిరగేయడం

అన్నిటికంటే పెద్ద పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. ఒక కిలో చమురు పూర్తిగా కరగాలంటే మూడు కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. మన మడిలోని 30 కిలోలకు దాదాపు 100 కిలోలు. అంత ఆక్సిజన్ 360 ఘనపు మీటర్ల గాలిలో ఉంటుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు పన్నెండు పదమూడింటి గాలి అది. ఆ గాలంతా ఒక అడుగు మందం మట్టిలోకి వెళ్లాలంటే పారే దారి.

మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి తిరగేయండి. అడుగు మట్టి పైకి, పై మట్టి అడుగుకు రావాలి. కింది టార్పాలిన్ చిరగకుండా పార వాడండి, గునపం వద్దు. గడ్డలు చితకగొట్టండి. గడ్డ లోపల చమురు నెలల తరబడి చెక్కు చెదరకుండా ఉంటుంది. ప్రతిసారీ తేదీ, తేమ, వాసన ఒక నోటు పుస్తకంలో రాయండి.

ఎంత కాలం పడుతుంది

మొదటి వారంలోనే వాసన సగం తగ్గిపోతే సంబరపడకండి. అందులో చాలావరకు తేలికపాటి భాగాలు గాలిలోకి ఎగిరిపోవడమే. అసలు పని రెండో వారం తర్వాత మొదలవుతుంది. ముందు తిన్నని కార్బన్ గొలుసులు పోతాయి, తర్వాత కొమ్మలున్నవి, ఆ తర్వాత చిన్న వలయాలున్నవి. చాలా వలయాలు కలిసిన భాగాలు ఎంతో నెమ్మదిగా పోతాయి. తారు లాంటి ముద్ద దాదాపు అలాగే మిగులుతుంది. తేలిక చమురు, ఇసుక నేల అయితే మూడు నాలుగు నెలల్లో మంచి మార్పు కనిపిస్తుంది. ఓడల్లో వాడే చిక్కటి ఇంధనం లాంటిదైతే ఏడాది దాటుతుంది. మొదట వేగంగా తగ్గి, తర్వాత నత్తనడక నడుస్తుంది. ఆ నత్తనడక దశలో ఎరువు పెంచితే ఉపయోగం లేదు, తిరగేస్తూ ఓపిక పట్టడమే.

వాన కాలానికి పని పూర్తి కాకపోతే సెప్టెంబరు చివరికల్లా మడి గట్లు ఎత్తు చేసి, పై కప్పు గట్టిగా కట్టండి. మురుగు నీళ్లు మడిలోకి రాకూడదు, మడి నీళ్లు బయటికి పోకూడదు.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

నెలకోసారి గాజు గ్లాసులో నీళ్లు పోసి రెండు చెంచాల మట్టి వేసి కలపండి. పైన ఇంద్రధనుస్సు రంగుల పొర తేలితే ఇంకా పని ఉంది. అది ఆగిపోయాక పెసల పరీక్ష చేయండి. ఒక కుండీలో మడి మట్టి, ఇంకో కుండీలో మంచి మట్టి వేసి, పది పది పెసలు నాటండి. వారం తర్వాత మొలకల లెక్క, వేళ్ల పొడవు పోల్చండి. మడి మట్టిలో వేళ్లు కురచగా, గోధుమ రంగులో ఉంటే విషం ఇంకా ఉన్నట్టే. ఆ మొలకలు తినకండి, పశువులకు వేయకండి.

రెండూ బాగున్నాక మొదటిసారి ఇచ్చిన ల్యాబుకే, అదే పద్ధతిలో శాంపిల్ ఇవ్వండి. ఈసారి చాలా వలయాలున్న ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లను కూడా విడిగా కొలవమని అడగండి. క్యాన్సర్ భయం ఎక్కువగా ఉన్నది వాటితోనే. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు, మీ నోటు పుస్తకం మూడూ పట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్లి, ఆ మట్టిని పెరట్లోనే పరచుకోవచ్చో లేదో అడిగి రాయించుకోండి.

సరే అన్నాక కూడా ఆ మట్టిలో తోటకూర, ముల్లంగి, పసుపు లాంటివి వేయకండి. వట్టివేరు నాటండి. దాని వేళ్లు లోతుగా దిగి మట్టిలోకి గాలి తీసుకెళతాయి, మిగిలిన చమురును తినే బ్యాక్టీరియా ఆ వేళ్ల చుట్టూ చేరుతుంది. మా అత్త వట్టివేరుతో పాటు ఒక నందివర్ధనం కూడా పెట్టింది. రెండిటికీ వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే చాలు.